బెల్లం పెట్టిన బందూకు

మోస్రా దిక్కు ఎవరన్న పోతే జర నా పేరు చెప్పి సూడుండ్రి. "ఎడపల్లి భూమన్న పటేలా? గాయన నోట్లకెళ్ళి అబద్ధం రాదు" అంటరు. నవ్వకుండ్రి, నిజంగనే అంటుండ్రు. మొన్న బస్సుల ఒకాయన గదే ముచ్చట మీద లేసి నాకు సీటిచ్చిండు. కూసున్న గని, ముండ్ల కంప మీద కూసున్నట్టే ఉండె. ఆ పేరు ఎట్లొచ్చిందో చెప్త. చాయ్ చల్లారినా సరే, నడుమల లేవకుండ్రి.

మా బాపు తుపాకి మీరందరు సూసిందే. డబుల్ బ్యారల్. రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. చెరుకుల పందులు పడ్డయంటే బాపు మంచె మీదికెళ్ళి ఒకటి పేల్చేది. పంది సచ్చుడు తక్కువ, ఊరు లేసుడు ఎక్కువ. బాపు దాన్ని పసిపిల్ల లెక్క సూసుకునేది. నెలకోసారి తుడుసుడు, నూనె పెట్టుడు, సంచిల చుట్టుడు. బాపు పోయినంక అది నా చేతికొచ్చింది. నా చేతికొచ్చినంక దానికి రెండు రోగాలొచ్చినయి.

ఒకటోది. వానకాలం కాలువ కాడ బండి చక్రం బురదల దిగబడ్డది. గడ్డపార లేదు. చేతుల తుపాకి ఉంది. గుండ్లు తీసేసిన, అంత తెలివి ఉండె. తుపాకిని చక్రం కిందికి పెట్టి లేపిన. బండి లేసింది గని, భుజానికి ఆనిచ్చే కర్ర ఉంటది సూడుండ్రి, దాని మెడకాయ కాడ టక్కుమన్నది. సన్నగ పగులు. రెండోది ఇంక పెద్దది. ఒక ట్రిగ్గర్ నొక్కితే రెండు గొట్టాలు ఒక్కసారే పేలుడు షురూ అయింది. మొదటిసారి అట్లయిననాడు తుపాకి ముందుకు కొట్టింది, నన్ను ఎనుకకు కొట్టింది. లేసి సూస్తే కాలువల ఉన్న. పదిహేను దినాలు భుజానికి పసుపు పట్టు. ఆ తర్వాత దాన్ని నేను ముట్టలే. గోడకు ఏలాడుతుంటే, దాని దిక్కు సూసినప్పుడల్లా భుజం నొచ్చేది.

ఇగ అమ్మేద్దామనుకున్న.

మరి రిపేరు చేపిచ్చి అమ్మొచ్చు గద అంటరు. అనుకుంటే అందరం మహాత్ములమే. బోధన్ తీస్కపోవాలె, అక్కడ ఇడవాలె, మళ్ళ పోవాలె. చెరుకు కొట్టుడు సీజన్ల ఎవనికి పుర్సత్ ఉంది? అదిగాక నాకొక ఉపాయం తట్టింది. ఎనుకటి దొరల గడీల గోడలు ఎట్ల కట్టిండ్రు? బెల్లం, సున్నం కలిపి కట్టిండ్రు. నూరేండ్లయినా గునపం దిగది. గోడలే నిలబడంగ, గింత కర్ర నిలబడదా? ఇంట్ల బెల్లానికి కరువా మనకు? బెల్లం, సున్నం, జర రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి పగుల్ల నింపిన. ఎండినంక మీద ఎర్రమట్టి జాజు పూసి, దాని మీద ఆముదం రుద్దిన. రెండు దినాలు రుద్దిన. మీ మీద ఒట్టు, పెండ్లికొడుకు లెక్క తయారైంది.

మా ఇంటామె గడప కాడ నిలబడి సూస్తున్నది. ఏం జేస్తున్నవని అడగలే. అన్నీ ఎరుకే ఆమెకు. "పోయినేడు అంగట్ల కొమ్ములకు నూనె రాసి ముసలెద్దును అమ్మినోన్ని ఊరంత ఇనంగ తిట్టినవు గద" అన్నది.

"ఎద్దు వేరు, తుపాకి వేరు" అన్న.

"ఏం వేరు?"

"ఎద్దు తింటది."

ఆమె లోపలికి పోయింది. నేను గెలిసిన్ననుకున్న.

కొనేటందుకు సాయిలు వచ్చిండు. మోస్రా ఆయన, ముప్పై ఏండ్లు ఉంటయి, మెత్తటి మనిషి. పోయినేడు రెండెకరాల చెరుకు పందులపాలైందట. ఈసారి గూడ పోతే భూమి కౌలుకిచ్చి ఫ్యాక్టరిల కూలికి పోవుడే అన్నడు. తిరిగి తిరిగి లైసెన్సు తెచ్చుకున్నడు. తుపాకి ఎన్నడు కొట్టలే. పట్టుకునుడు గూడ రాదు. నా తుపాకిని చేతులకు తీసుకుని, రోకలి పట్టుకున్నట్టు పట్టుకున్నడు.

నేను అబద్ధమాడే మనిషిని కాదు. మీకెరుకే. ఆయన ఏమడిగినా నిజమే చెప్పిన. ఇనుండ్రి మీరే.

"రిపేరులు గిట్ట ఉన్నయా పటేలా?"

"నా చేతికొచ్చినంక ఒక్కసారి గూడ రిపేరుకు తీస్కపోలే సాయిలు."

నిజమే గద? తీస్కపోలే. తీస్కపోతే ఈ లొల్లే ఉండకపోవు గద.

"దెబ్బ గట్టిగుంటదా?"

"ఒకటి కొట్టబోతే రెండు కొట్టినంత ఉంటది."

గిదైతే నూటికి నూరుపాళ్ళు నిజం.

"కర్ర గింత మెరుస్తున్నదేంది పటేలా, కొత్తదాని లెక్క?"

"రెండు దినాలు నేనే కూసోని పనిజేసిన దాని మీద. చేతులు పడిపోయినయనుకో."

ఇగ దీంట్ల ఏది అబద్ధమో మీరు చెప్పుండ్రి. సాయిలు రెండు చేతులు జోడిచ్చి, "మీ మాటే నాకు గ్యారంటీ పటేలా, మంచె మీద మా అవ్వ గూడ నా పక్కకే పండుకుంటది, మంచి వస్తువు దొరికింది" అన్నడు.  నేను కర్ర మీద లేని దుమ్ము తుడిసిన.

తుపాకి అంటే బర్రె కాదు గద, తాడు చేతికిచ్చి తోలేటందుకు. ఇద్దరి లైసెన్సులు సూడాలె, ఠాణాకు కాయితం రాయాలె, లైసెన్సున్న దుకాణదారు సరుకు సూసి సంతకం పెట్టాలె. అట్ల బోధన్‌ల ఖాజా మియా దుకాణానికి పోదామనుకున్నం. ఖాజా మియా ముసలాయన. తాళాలు, కుట్టుమిషిన్లు, పెట్రోమాక్సులు, తుపాకులు అన్నీ బాగుజేస్తడు. మాట మాత్రం జర్దా లెక్క, చిటికెడే ఇడుస్తడు.

శనివారం పొద్దున తుపాకిని గొంగట్ల చుట్టి బస్సెక్కిన. సీజన్ గద, తోవ పొడుగున చెరుకు బండ్లు. బస్సు నాలుగు అడుగులు ఉరుకుడు, ఆగుడు. ఎండ పెరుగుతున్నది. గొంగట్ల ఉన్నది మెల్లగ ఎచ్చబడుతున్నది. నాకు ఆ సోయే లేదు. బోధన్ దిగేసరికి గాలి గూడ తియ్యగ ఉంది. ఫ్యాక్టరి నడుస్తుంటే ఆ ఊరంత ఒక బెల్లం పెనం లెక్క గుమగుమ. ఈగలకు, చీమలకు రోజు పండుగే.

సాయిలు ముందే వచ్చి ఉండె. చేతుల సంచి. సంచిల టెంకాయ, పసుపు, కుంకుమ, ఊదుబత్తులు. తుపాకికి పూజ చేసి తీసుకుంటడట, అవ్వ చెప్పి పంపిందట. ఖాజా మియా దుకాణం ముంగట బల్ల ఖాళీ చేసి ఇచ్చిండు. గొంగడి ఇప్పి తుపాకి బల్ల మీద పెట్టినం. కర్ర మీద జర చెమట పట్టినట్టు కనిపిచ్చింది. నేను తువ్వాలతోని ఒత్తిన. తువ్వాల అంటుకున్నది. మెల్లగ పీకిన.

సాయిలు బొట్టు పెట్టిండు, టెంకాయ కొట్టిండు, ఒక చిప్ప తుపాకి గొట్టం కాడ పెట్టిండు, కండ్లు మూసి దండం పెట్టిండు. నేను గూడ దండం పెట్టిన, నా మొక్కు వేరే.

కండ్లు తెరిసేసరికి బల్ల కాలు మీదికెళ్ళి చీమల బారు. ఎర్రటివి. ఒకదాని ఎంట ఒకటి, పెండ్లి ఊరేగింపు లెక్క. సాయిలు సంబరపడ్డడు. "సూసిండ్రా పటేలా, నైవేద్యానికి వచ్చినయి, మంచి శకునం" అన్నడు. చీమలు కొబ్బరి చిప్ప కాడికి వచ్చినయి. ఆగలే. దాని పక్కకెళ్ళి, కనీసం దాని దిక్కు సూడకుంట పోయినయి. గొట్టం దాటినయి. ట్రిగ్గర్ దాటినయి. సక్కగ కర్ర మెడకాయ కాడికి పోయి, నేను ఎక్కడెక్కడ ముద్ద పెట్టిన్నో అక్కడక్కడ, గీత గీసినట్టు నిలబడ్డయి. పగులు ఎక్కడ షురూ అయిందో, ఎక్కడ ఖతమైందో నాకు గూడ అంత సాఫ్‌గ ఎరుక లేకుండె. చీమలు నక్ష గీసి సూపెట్టినయి.

నేను ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్న. సాయిలు, పాపం, అవి సావొద్దని మెల్లగ ఆకుతోని జరుపుతున్నడు.

ఖాజా మియా వచ్చిండు. వంగి సూసిండు. వేలుతోని కర్ర మీద రాసిండు. వాసన సూసిండు. నాలిక మీద పెట్టుకున్నడు. కండ్లు మూసి జరసేపు అట్లనే ఉన్నడు, బిర్యానీల ఉప్పు సూసినట్టు. అప్పుడు నా చెవి కాడికి వచ్చి, "కొత్త బెల్లమా పటేల్ సాబ్?" అన్నడు, సాయిలుకు ఇనరాకుంట.

"సీజన్ గద మియా. అన్నిటికి అంటుతది" అన్న.

"సహీ బాత్" అన్నడు.  నాకు పానం లేసొచ్చింది. పెద్దమనిషి, అర్థం చేసుకున్నడు, పరువు కాపాడిండు అనుకున్న. ఆయన లోపలికి పోయి తోలుసంచి తెచ్చుకున్నడు, దుకాణానికి తాళమేసిండు. "సలో" అన్నడు.

ఏడికి అంటే, ఊరవతల ఇటుకబట్టి ఎనుక మట్టిదిబ్బ కాడికి. ఎందుకంటే, అక్కడ చెప్పిండు. వాళ్ళ అబ్బాజాన్ కాలంసంది వాళ్ళ దుకాణంల ఒక కాయిదా ఉందట. పాత బందూకు చేయి మారాలంటే, అమ్మేటోడే ముందుగాల కొట్టాలె. రెండు గొట్టాల గుండ్లేసి, చెంప కర్రకు ఆనిచ్చి, కొనేటోని ముంగట. అట్లయితేనే సంతకం.

నేను ఇన్నేండ్లల ఎద్దులు అమ్మిన, బండ్లు అమ్మిన, పసుపు అమ్మిన. అమ్మేటోడు చెంప పెట్టి సూపియ్యాలన్న కాయిదా ఎన్నడు ఇనలే.

భుజం నొస్తుంది మియా అన్న. ఎడమ భుజం మీద పెట్టు అన్నడు. అద్దాలు ఇంటికాడ మరిచిన్నన్న. దిబ్బ పెద్దగనే ఉంది, తాకుతది అన్నడు. శనివారం నేను తుపాకి ముట్ట అన్న. పొద్దటిసంది ఒళ్ళె పెట్టుకుని వచ్చినవు గద అన్నడు. అన్నిటికి చిటికెడు చిటికెడే జవాబులు. మాట్లాడుకుంటనే గుండ్లు ఏసిండు, తుపాకి నా చేతుల పెట్టిండు.

సాయిలు నా పక్కకు వచ్చి వంగి నిలబడ్డడు. చెంప ఎట్ల పెడతరో సూసి నేర్సుకుంటనని. గురువు కాడ పలక పట్టుకున్న పిల్లగాని లెక్క మొఖం పెట్టిండు. ఆయన దూరం జరిగినా బాగుండు. జరగడాయె.

ఎత్తిన. చెంప ఆనిచ్చిన. జిగట. బెల్లం వాసన ముక్కుకు కొడుతున్నది, పండుగనాడు పాకం కాడ నిలబడ్డట్టు. అప్పుడే ఒక చీమ, బారు తప్పిందేమొ, నా చెంప మీదికి ఎక్కింది. మెల్లగ మెల్లగ కింది కనురెప్ప దిక్కు వస్తున్నది. నేను తట్టుకోవాలంటే చేయి ఇడవాలె. చేయి ట్రిగ్గర్ కాడ ఉంది. చీమ కుడితే ఉలిక్కిపడుత. ఉలిక్కిపడితే రెండు పేలుతయి. రెండు పేలితే నా బెల్లం గడీ గోడ ఇరుగుతది. అది ఇరుగుడు ఇరుగుడు నా దవడ మీద ఇరుగుతది.

అప్పటిదాక నాకు రాని బుద్ధంత అప్పుడొచ్చింది.

"మియా, జర తుపాకి తీసుకో" అన్న. ఆయన మెల్లగ తీసుకున్నడు. ఇగ షురూ చేసిన. కర్ర ఇరిగింది సాయిలు, బెల్లం పెట్టిన. బండి లేపంగ ఇరిగింది. ఒకటి నొక్కితే రెండు పేలుతయి, నన్ను కాలువల ఏసింది. రిపేరుకు తీస్కపోలే అన్న గద, తీస్కపోవాల్సి ఉండె, తీస్కపోలే. మెరుపు ఆముదం. ఎరుపు జాజు. మీకు ఎరుకే, నేను మాట్లాడుడు షురూ చేస్తే ఆపుడు నా చేతుల ఉండది. నాలుగేండ్ల కింద పెద్ద పందిని కొట్టిన్నని మన ఊరంత చెప్పుకున్నది గూడ చెప్పేసిన. అది నేను కొట్టలే. అదే బావిల పడి సచ్చింది, నేను పొద్దున పోయి దాని మీదికెళ్ళి ఒకటి పేల్చిన. అట్ల సూడకుండ్రి, మీకు గూడ ఇయ్యాల తెలుస్తున్నది. ఆ పంది కూర మీరు గూడ తిన్నరు.

ఖాజా మియా ఇంటుకుంటనే గుండ్లు తీసి జేబుల ఏసుకున్నడు. గొట్టం పట్టుకుని, కర్రను అరచేత్తోని ఒక్కటి తట్టిండు. గట్టిగ గూడ కాదు, బర్రె ఈపు మీద తట్టినట్టు. కర్ర రెండు ముక్కలై కింద పడ్డది. లోపల నా ముద్ద, ఎండలే, మెత్తగ పచ్చిగ, లడ్డు ఇప్పినట్టు కనిపిచ్చింది. నాలుగు చీమలు లోపలనే ఉన్నయి. పాపం, అవి మస్తు తృప్తిగ కనిపిచ్చినయి.

సాయిలు ఆ ముక్కల దిక్కు సూసిండు. తర్వాత చెయ్యి లేపి తన చెంప పట్టుకుని సూసుకున్నడు. నేను తలకాయ కిందికి ఏసుకున్న. ఇగ తిట్టుడు ఒక్కటే తక్కువ, తిడితే గూడ పడుదామనుకున్న.

ఆయన వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నడు. కండ్లల్ల నీళ్ళు. "ఎవడన్న తన వస్తువు తప్పు తాను చెప్పుకుంటడా పటేలా? మీరు చెప్పకపోతే నేను గీ పొద్దే తీసుకుపోతుంటి. మా అవ్వ గూడ మంచె మీద ఉండేది" అన్నడు. ఒంగి నా కాళ్ళు మొక్కిండు. నేను జరుగుదామంటే ఎనుక మట్టిదిబ్బ.

నేను ఖాజా మియా దిక్కు సూసిన. ఆయన సంచి సర్దుకుంటున్నడు. "బహుత్ ఈమాన్దార్ ఆద్మీ, మస్తు నిజాయితీ మనిషి" అన్నడు, తలకాయ ఎత్తకుంటనే. "జర గుండ్లేసి చేతుల పెడితే సాలు."

ఇగ ముచ్చట కుదిరింది. మియా కొత్త టేకు కర్ర పెడతడు, లోపలి పుర్జాలు మారుస్తడు, ఆ ఖర్చంత నాదే. అయినంక కాయిదా ప్రకారం నేనే కొట్టాలె, తర్వాతనే సాయిలు చేతికి. అట్లనే అయింది. పోయిన వారం మళ్ళ పోయిన, కొట్టిన. ఒకటి నొక్కితే ఒకటే పేలింది. నేనైతే రెండింటికి సరిపోయేటట్టు కండ్లు మూసుకున్న. సాయిలు తుపాకి తీసుకుపోయి, దాని ముచ్చట తక్కువ, నా ముచ్చట ఎక్కువ చెప్తున్నడట. మోస్రాల హోటల్ కాడ చెప్పిండట, వర్ని అంగట్ల చెప్పిండట. అట్ల వచ్చిందే ఆ బస్సుల సీటు.

నాకు అన్నం సయిస్తలేదు. మొన్న పనిగట్టుకుని మోస్రా పోయిన. సాయిలు ఇంట్లనే ఉండె. వాళ్ళ అవ్వ నాకు పీట ఏసి, మజ్జిగ ఇచ్చి, పక్కింటోళ్ళను పిలిసి మరీ సూపెట్టింది నన్ను. అందరి ముంగటనే చెప్పిన. సాయిలు, గా దినం నేను నీ చెంప కోసం నిజం చెప్పలే. నా చెంప కోసం చెప్పిన. మియా తుపాకి నా చేతుల పెట్టకుంటే, నీ చేతుల పెట్టి నేను నిమ్మలంగ ఇంటికి పోయి పండుకుందును.

 సాయిలు తల ఊపిండు, మెల్లగ నవ్విండు, వాళ్ళ అవ్వ దిక్కు తిరిగి, "సూసినవానే అవ్వ, పెద్దోళ్ళు గిట్లనే తమను తాము తక్కువ చేసుకుంటరు" అన్నడు.

నా జన్మల నేను చెప్పిన అసలు నిజం అదొక్కటే. అదొక్కటే ఎవలు నమ్ముతలేరు.